బూసాన్ గాలి పీల్చిన కాక

మా గోదాములో కంటైనర్లు దించే చోట, గోడమీద ఒక బొమ్మ ఉంది. నీలం బట్టలు, పసుపు హెల్మెట్ వేసుకున్న మనిషి ఒకడు సగం తెరిచిన కంటైనర్ తలుపు సందులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంటాడు. అతని మీదుగా అడ్డంగా ఒక ఎర్ర గీత. కింద మూడు భాషల్లో ఒకే హెచ్చరిక: తలుపు తీసిన వెంటనే లోపలి గాలి పీల్చకూడదు.

మొన్న కొత్తగా పనిలో చేరిన సిరిసిల్ల అతను ఆ బొమ్మ ముందు నిలబడి నవ్వాడు.

"గిదేందన్నా? డబ్బాల ముక్కువెట్టి వాసన సూసుడేంది? గిట్ల ఎవడన్న జేస్తడా?"

"జేసిండు తమ్మీ. ఒకాయన."

అతను నమ్మలేదు. నేను మళ్ళీ బొమ్మ వైపు చూశాను. దాన్ని గీసినవాడు ఆయన్ని ఎన్నడూ చూసి ఉండడు, అయినా మీసం సరిగ్గా కుదిరింది. కళ్ళు మూసుకున్న తీరు కూడా కుదిరింది. తప్పు చేస్తున్న మనిషి ముఖం కాదది. కలగంటున్న మనిషి ముఖం.

ఆయన పేరు నేనిక్కడ రాయను. రాసినా ఈ దుబాయ్ రేవు జెబెల్ అలీలో ఎవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆయన కొరియా కాక. పాకిస్తాన్ ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్లకు కొరియా చాచా. జగిత్యాల దగ్గర ఊరు. దుబాయ్‌కి ఎప్పుడు వచ్చాడో, అంతకుముందు ఏ సైట్లలో పనిచేశాడో నేను అడగలేదు. అడిగినా కొరియా సంగతే చెప్పేవాడు.

కాక కొరియా చూడలేదు. ఆయన కూతురు అక్కడి రేవు పట్టణం బూసాన్‌లో చదువుతుండేది. సముద్రపు నాచు మీద చదువు.

"నాచు మీద చదువేంది కాక?" అని మా గదిలో ఉండే మేస్త్రి ఎప్పుడూ ఆటపట్టించేవాడు. "మా ఊరి చెర్ల మస్తుంది నాచు. కాలు జారి పడ్డోళ్ళందరికీ డిగ్రీ ఇస్తరా?"

"నీ చెర్ల నాచు వేరే, అది వేరే. ఆడ నాచు తింటరు. బాలింతకు నాచు చారు పోస్తరు. పుట్టినరోజుకు గూడ గదే చారు. కేకు గాదు, చారు. ఎందుకంటె పుట్టినరోజునాడు కన్నతల్లిని యాద్ జేసుకోవాలె గద, ఆమె బాలింతగ తాగిన చారు అది."

మేస్త్రి పొయ్యి వైపు తిరిగేవాడు.

మేముండే ఇంటర్నేషనల్ సిటీ నుంచి మా కంపెనీ బస్సు తెల్లవారుతుండగా బయలుదేరేది. కిటికీ పక్క సీటు కాకది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవిని అరచేత్తో మూసుకుని, కూతురు రికార్డు చేసి పంపిన మాటలు వినేవాడు. చలికాలంలో బస్సు పెద్ద రోడ్డు ఎక్కేసరికి బయట పొగమంచు తప్ప ఏమీ కనిపించేది కాదు. దీపస్తంభాల తలలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి ఆ తెల్లదనంలో తేలుతూ వచ్చి పోయేవి. ఆ మంచులోకి చూస్తూ కాక నవ్వేవాడు. తల ఊపేవాడు. ఒక్కోసారి "అవునా?" అని పైకే అనేవాడు. ఆ పిల్ల ఆ మాటలు అన్నది ముందు రోజు, వేరే సముద్రం ఒడ్డున. ఈయన జవాబు ఇప్పుడు, ఈ బస్సులో. ఆ సమయంలో ఆయన్ని పలకరించడానికి మాకెవరికీ మనసొప్పేది కాదు.

ఆ మాటలు ఆయన ఎవరికీ వినిపించేవాడు కాదు. "అవి నా బిడ్డ మాటలు. మీకు నేను జెప్త," అనేవాడు. సాయంత్రం గదికొచ్చి స్నానం చేసి, ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చున్నాక మొదలయ్యేది.

"నిన్న మేము గుట్టెక్కినం."

"మేమంటే ఎవరు కాక?" అనేవాడు మేస్త్రి. "నిన్న పొద్దంత నువ్వు టైర్లు దించినవ్ గద!"

"నేను, నా బిడ్డ. కాళ్ళు దానియి, నోరు నాది. నడుమ నీకేంది?"

అలా మేము ఆ గదిలో కూర్చుని ఎన్నో ఊళ్ళు తిరిగాం. గ్యోంగ్జు అనే ఊళ్ళో పచ్చగడ్డి పెరిగిన పెద్ద పెద్ద దిబ్బలు ఉంటాయట. అవి రాజుల సమాధులు. వాటి మధ్యనే ఇళ్ళు, టీ దుకాణాలు, సైకిళ్ళు. "సచ్చిపోయినోళ్ళను ఊరవతలికి పంపలేదురా వాళ్ళు. నడిమిట్లనే పండవెట్టుకున్నరు," అన్నాడు కాక. పున్నమినాడు పండుగ వచ్చిందంటే "మన పెత్రమాస లెక్కనే, పెద్దలకు పెడ్తరు" అని మొదలుపెట్టి, కొత్త బియ్యప్పిండితో చేసిన కుడుముల్ని సూదుల్లాంటి ఆకుల మీద పరిచి ఆవిరికి ఉడికించే తీరు చేతులతో చూపించేవాడు. చలి మొదలయ్యేటప్పుడు వాడకట్టంతా కలిసి గోబి ఆకులకు, అంటే క్యాబేజీకి, కారం పూస్తూ కూర్చుంటారని చెప్పిన రోజున మేమంతా ఊళ్ళో మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లోకి జారిపోయాం. పొయ్యిమీద పప్పు అడుగంటింది.

జెజు ద్వీపంలో ముసలవ్వలు సముద్రంలో మునిగి గవ్వలు, నత్తలు ఏరుకొస్తారట. పైకి తేలగానే, అంతసేపూ బిగబట్టిన ఊపిరిని ఈల వేసినట్టు వదులుతారట. ఆ ఈల కాకకు బాగా నచ్చింది. అప్పటినుంచి ఆయన పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు బకెట్లో తల ముంచి, పైకి లేపి, సన్నగా ఈల వేసేవాడు. స్నానాల గది బయట వరుసలో నిలబడ్డ మేము ఆ ఈల విని "అవ్వ తేలింది" అనుకునేవాళ్ళం.

అక్కడ పెద్దవాళ్ళకు ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో పుచ్చుకోవాలి. కాక దాన్ని మా గోదాములోకి తెచ్చాడు. టేపు కోసే కత్తి అడిగితే రెండు చేతులతో అందించేవాడు. ఒకసారి మా ముదీర్, అంటే మేనేజరు, గేటు పాసు విసిరినట్టు ఇస్తే, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంగాడు. ముదీర్ ఒక్క క్షణం తికమకపడ్డాడు. ఆ తర్వాత ఆయన కాకకు ఏ కాగితమైనా విసరడం మేము చూడలేదు.

ఇక ఆ గాలి సంగతి.

మా గోదాముకు నానా దేశాల డబ్బాలు వస్తాయి. కంటైనర్‌ను మేము డబ్బా అనే అంటాం. సీలు తెంపి, ఇనుప కడ్డీలు తిప్పి, తలుపులు తీయడం కాక పని. కొన్ని డబ్బాల్లో చెక్క సామానుకు పురుగు పట్టకుండా మందు పొగ పెట్టి పంపుతారు. అందుకే తలుపు తీశాక అందరూ పక్కకు తప్పుకోవాలి. గాలి ఆడాక, విషవాయువు కొలిచే మీటరు పట్టుకున్నతను సరే అన్నాకే లోపలికి వెళ్ళాలి. కొత్తవాళ్ళకు ఈ సంగతి నేర్పింది కాకే. చైనా డబ్బా అయినా, జర్మనీ డబ్బా అయినా ఆయన అందరికంటే ముందు తప్పుకునేవాడు.

బూసాన్ నుంచి వచ్చిన డబ్బా అయితే మాత్రం తప్పుకునేవాడు కాదు. ఒక తలుపు సగం తీసి, ఆ సందులో ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని ఒక నిండు ఊపిరి పీల్చేవాడు.

"ఏం కాక, ఏముంది లోపట?"

"ఆడ సీల్ వేసినంక మళ్ళ ఎవ్వలు తీయలే గద దీన్ని. ఆడి గాలి ఆడిదే ఉన్నది లోపట. నా బిడ్డ పీల్చే గాలి."

"మందు కొట్టి ఉంటే?"

"బూసాన్ల మందెందుకు కొడ్తరురా? సాఫ్ మనుషులు వాళ్ళు."

ఏం వాసన వచ్చిందని అడిగితే ఒక్కోసారి ఒక్కో మాట చెప్పేవాడు. వాన పడ్డాక వచ్చే వాసన. కొత్త పుస్తకం వాసన. ఒకసారి చాలాసేపు ఆలోచించి "చలి వాసన" అన్నాడు. నేనూ ఒకసారి దగ్గరికి వెళ్ళి పీల్చాను. నాకు రబ్బరు, అట్టపెట్టెల వాసనే వచ్చింది.

నేను గోదాములో సరుకు కాగితాలు చూసే గుమాస్తాను. పదో తరగతితో బడి ఆగింది. ఆ తర్వాత చదువుకున్నదంతా గ్రంథాలయాల్లోనే, మొదట మా ఊరి పంచాయతీ ఆఫీసు పక్క గదిలో, ఇప్పుడు దుబాయ్‌లో. సెలవు రోజున రెండు బస్సులు మారి ఇక్కడి లైబ్రరీకి వెళ్తాను. అక్కడి చల్లదనంలో, ఎవరూ ఎవరితో మాట్లాడని ఆ పెద్ద హాల్లో, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు నెమ్మదిగా చదువుకుంటాను. అందుకని కాక నన్ను పంతులూ అని పిలిచేవాడు.

కాక చెప్పేదాంట్లో ఎంత నిజమో చూద్దామనే మొదట కొరియా పుస్తకాలు తీశాను. చాలావరకు నిజమే అని తేలింది. కొంచెం నిరాశపడ్డానని కూడా చెప్పాలి. అలా తిరగేస్తుండగా ఒక పాత కథ దొరికింది. దాన్ని ఆయనకు చెప్పాలన్న ఆత్రంతో ఆ రోజు తొందరగా గదికి వచ్చాను.

కాక బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాడు. ఎదుటి భవనాల మీద సాయంత్రపు ఎండ ఇసుక రంగులో ఉంది.

"కాకా, వెనుకట ఒక రాజుకు కల వచ్చిందట. నీ బిడ్డను సముద్రం అవతల ఉన్న దేశానికి పంపు, ఆమె అక్కడ రాణి అయితదని. ఆ రాజు మన దిక్కోడే, ఇండియా వాడే అంటరు. పిల్ల పడవెక్కింది. అలలు లేచి పడవను ముందుకు పోనియ్యలేదు. తిరిగొచ్చింది. అప్పుడు తండ్రి పడవల రాళ్ళు పెట్టిచ్చి మళ్ళ పంపిండు. ఆ రాళ్ళ బరువుకు అలలు శాంతించినయట. పిల్ల కొరియా చేరింది. ఆ రాళ్ళు ఇంకా ఉన్నయి కాక, బూసాన్ పక్కనే. గిమ్‌హే అనే ఊళ్ళె."

కాక తడి చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"తండ్రి రాళ్ళిచ్చిండా?"

"అవును."

"మళ్ళ వాపస్ వచ్చిందా ఆ పిల్ల?"

"లేదు కాక. అక్కడే రాణి అయ్యింది. అక్కడే పోయింది."

ఆయన చొక్కా దులిపి తీగమీద వేశాడు. క్లిప్పు పెట్టాడు. "మంచిగుంది కథ," అన్నాడు. ఆ గొంతులో మంచిదనం ఏమీ లేదు. వారం పదిరోజుల దాకా "ఏం చదివినవ్ పంతులూ" అని నన్ను అడగలేదు.

కూతురికి మాత్రం చెప్పాడు. ఆ అమ్మాయి ఒక ఆదివారం రైలెక్కి గిమ్‌హే వెళ్ళి ఆ రాళ్ళను చూసి ఫోటో పంపింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన, గరుకైన, అక్కడక్కడ ఎర్ర మచ్చలున్న రాళ్ళు. పెద్దవేమీ కావు. కాక ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూశాడు. "గింత గింత రాళ్ళేనా?" అన్నాడు. కాసేపటికి నా వైపు తిరగకుండానే అన్నాడు: "ఆ తండ్రికి ఎర్కేరా. బిడ్డ ఇగ రాదని ఎర్కుండే పంపిండు."

అప్పటికి ఆ అమ్మాయి చదువు ముగింపుకొచ్చింది. ఆమె ప్రొఫెసరు ఇంకా పై చదువుకు, డాక్టరేటుకు, తన దగ్గరే ఉండమన్నాడు. ఇంకో మూడేళ్ళో, నాలుగేళ్ళో. ఆమె ఏమీ తేల్చలేదు. ఇంటికి వెళ్తూ దుబాయ్‌లో ఒక పగలు ఆగుతానని, బాపును ఎదురుగా చూసి అడుగుతానని, ఆయన ఏమంటే అదేనని కబురు పెట్టింది. ఆమె కొరియా వెళ్ళేటప్పుడు విమానాలు సరిగా తిరగని రోజులు. కాక ఇక్కడే ఇరుక్కుపోయి సాగనంపలేకపోయాడు. తర్వాత ఈయనకు సెలవు దొరికితే ఆమెకు దొరకలేదు.

మాకందరికీ ఊళ్ళు చూపించిన మనిషి, కూతురి ప్రయాణాలు చాలించాలనే నిశ్చయించుకున్నాడు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మధ్య ఆ మాటలు సాధన చేసేవాడు. "బిడ్డా, ఇగ చాలు. సూసినయన్ని సూసినవ్. ఇంటికి పో. నేను గూడ పని ఖలాస్ జేస్కొని వస్త." ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా. బయట నిలబడి మేస్త్రి "కాక, ఆ రెండోసారి అన్నది మంచిగుంది" అని అరిచాడు.

ఆమె వచ్చే ముందు రోజు మధ్యాహ్నం ఒక డబ్బా వచ్చింది. ముదురు ఎరుపు రంగు. పక్కలమీద కొరియా ఓడల కంపెనీ పేరు, ఆ గుండ్రటి అక్షరాల్లో. కాక ఆ రోజంతా స్థిమితంగా లేడు. డబ్బాను చూసి ముఖం వెలిగింది. సీలు తెంపాడు. తలుపు సందులో ముఖం పెట్టాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా వెనక్కి వచ్చి, ఏదో గుర్తొచ్చినవాడిలా చుట్టూ చూసి, నేలమీద కూర్చుండిపోయాడు.

"ఏంలేదు, ఏంలేదు," అంటూనే కక్కుకున్నాడు.

ముదీర్ పరుగెత్తుకొచ్చాడు. "యల్లా, యల్లా! గాడీ బులావ్! ఇస్ కో దర్వాజే సే హటావ్!" బండి పిలవమని, కాకను తలుపు దగ్గరనుంచి తప్పించమని అరుస్తున్న ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ.

ఆస్పత్రిలో కాకకు ఆక్సిజన్ పెట్టారు. ఒక రాత్రి గమనిస్తే చాలు, ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. ఆ వార్డులో నర్సు మన తెలుగామె, రాజోలు వైపు. చీటీ చూసి నవ్వాపుకుంది.

"అసలేం చేశారు బాబాయ్ గారూ?"

"గాలి పీల్చిన అమ్మా."

"గాలి అందరం పీలుస్తున్నామండీ. మీరొక్కరే ఎందుకు పడిపోయారు?"

కాక గోడ వైపు తిరిగాడు. నేను ఆమెకు సంగతంతా చెప్పాను. ఆమె సెలైన్ గొట్టం సరిచేసింది. "మా అమ్మ నా పాత యూనిఫాం ఒకటి బీరువాలో పెట్టుకుందండి. ఉతకనివ్వదు," అంది. తర్వాత మళ్ళీ గొంతు మార్చి "మీరు మాత్రం ఇంకెక్కడా ముక్కు పెట్టకండి. అమ్మాయి పొద్దున్నే దిగుతోందిగా, నిద్రపోండి" అని కసిరి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక నేను చెప్పవలసింది చెప్పాను. ఆ సరుకు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. "కాకా, అది బూసాన్ డబ్బా కాదు. పేరే కొరియా కంపెనీది. డబ్బాలు దేశదేశాలు తిరుగుతయి గద. దానిల సరుకు నింపింది వేరే దేశంల. చెక్క ఫర్నిచర్. మందు కొట్టిండ్రు."

కాక మాస్కు లోపల నవ్వడం మొదలుపెట్టాడు. మాస్కు మసకబారింది. "అంటె గీ అవస్థంత ఎవనిదో గాలికా?" అన్నాడు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

పొద్దున డాక్టరు ఆలస్యంగా వచ్చాడు. సంతకం అయ్యేదాకా కాక మంచం అంచున బూట్లు వేసుకుని కూర్చున్నాడు. మేము విమానాశ్రయం చేరేసరికి కూతురు అప్పటికే బయటికొచ్చి, ఎదురుచూసి, ఎవరూ కనిపించక అటూ ఇటూ నడుస్తోంది. కాక దూరంగానే ఆగిపోయాడు.

"ఏమైంది కాక? పా."

"ఆగు. గింత జోరుగ నడుస్తదని తెల్వదు నాకు. ఫోనుల ఎప్పుడు సూసిన కూసునే ఉంటది గద."

ఆ నడకను కాసేపు చూశాక గాని ముందుకు వెళ్ళలేదు. ఆమె ముందు అలవాటుకొద్దీ కొంచెం వంగింది. మరుక్షణం "బాపూ" అని వచ్చి ఆయన భుజంలో ముఖం పెట్టేసింది.

ఇంటర్నేషనల్ సిటీలో మా భవనం కిందనున్న మలయాళీ కెఫెటేరియాలో కూర్చున్నాం. గదిలోకి తీసుకెళ్ళడానికి లేదు, అది బ్యాచిలర్ల గది. నేను లేవబోతే కాక బల్ల కింద నా మోకాలు పట్టుకున్నాడు. సాధన చేసిన మాటలు అనడానికి పక్కన ఒక మనిషి కావలసి వచ్చినట్టుంది. చాయ్ వచ్చింది. అమ్మాయి కప్పు తీసి తండ్రికి రెండు చేతులతో అందించింది. కాక రెండు చేతులూ చాపాడు. చొక్కా చేయి వెనక్కి జరిగి, ఆస్పత్రివాళ్ళు మణికట్టుకు కట్టిన ప్లాస్టిక్ పట్టీ బయటపడింది.

"ఇదేంది బాపూ?"

ఆయన నా వైపు చూశాడు. నేను చాయ్ వైపు చూశాను. దాచడానికి ఇక దారి లేక మొత్తం చెప్పాడు. డబ్బాలు, వాసనలు, చలి వాసన, ఆ ఎర్ర డబ్బా, అది బూసాన్‌ది కూడా కాకపోవడం. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎంతకూ ఆపలేకపోయింది.

"బాపూ, నేను గూడ నీకు కొన్ని చెప్పలే," అంది.

"ఏంటియి?"

"మొదటి చలికాలం నాతోని మాట్లాడెటోళ్ళే లేకుండె. భాష రాదు. క్యాంటీన్ల ఏ ప్లేటుల ఏముందో తెల్వక ఉత్త అన్నం తిన్న. నీకు గుట్టెక్కిన అని చెప్పిన జూడు, ఆనాడు కింద మెట్లమీద కూసొని మస్తు ఏడ్చిన. ఏడ్చి ఏడ్చి, పైకెక్కి, నీకు మెసేజ్ పెట్టిన."

"మరి గాలి మంచిగున్నదంటివి?"

"గాలి మంచిగనే ఉండె."

కాక చాయ్ కప్పు కింద పెట్టాడు. "మీ అమ్మకు నేను జెప్పినట్టె జెప్పినవ్ బిడ్డా. ఏసీ రూమున్నది, తిండి మంచిగున్నది, ఫికర్ లేదు. ఏండ్లసంది గదే జెప్తున్న." తర్వాత నన్ను చూసి అన్నాడు: "దుబాయోని బిడ్డ అనిపిచ్చుకున్నది."

ఆమె బల్లమీద వేలితో ఏదో గీస్తూ అంది: "ప్రొఫెసర్ అడిగిండు. నాకైతే ఉండాలనే ఉంది బాపూ. పని మధ్యల ఉంది, నా చేతుల పెరుగుతున్న నాచు అది. కని నువ్వు రమ్మంటె వస్త. అలుగ. నిజంగ."

ఇదే ఆ క్షణం. ఆ వాక్యం నాకు కంఠస్థం, బిడ్డా ఇగ చాలు. కాక నోరు తెరిచాడు. మూశాడు. పక్క బల్ల దగ్గర ఎవరో పరోటా చింపుతున్నారు. చివరికి ఆయన అడిగింది వేరే మాట.

"ఆడ నీకు జరమొస్తే ఎవలొస్తరు?"

ఆమె వెంటనే జవాబు చెప్పింది. "హల్మొని వస్తది. అంటె ముసలవ్వ. నేనుండే రూము కిందనే చారు హోటల్ ఆమెది. మొదటి చలికాలం జరమొచ్చి మూడ్రోజులు లేవకపోతె తలుపు కొట్టి కొట్టి లోపలికొచ్చింది. గంజి తాపిచ్చింది. బట్టలు పిండింది."

"గీ అవ్వ సంగతి ఎన్నడు జెప్పలే నాకు?"

"ఆమె గురించి చెప్తె, జరమొచ్చిందని గూడ చెప్పాలె గద బాపూ."

కాక కుర్చీ బల్లకు దగ్గరగా జరుపుకున్నాడు. తర్వాత "ఫోన్ గలుపు," అన్నాడు.

"ఎవరికి?"

"అవ్వకు."

అక్కడ అప్పటికి సాయంత్రం. ఫోనును కెచప్ సీసాకు ఆనించి పెట్టారు. తెర నిండా ఆవిరి. ఆ ఆవిరిలోంచి పొట్టి జుట్టు, ముడతల ముఖం, ఎర్రటి ఏప్రాన్. పిల్లను చూడగానే ఆమె గట్టిగా ఏదో అరిచింది. తర్వాత కాకను చూసి ఇంకా గట్టిగా ఏదో అంది.

"ఏమంటుంది?"

అమ్మాయి నవ్వు ఆపుకుంది. "మీసం అంత అవసరమా అంటుంది."

కాక మీసం తడుముకున్నాడు. "మీసం సంగతి తర్వాత. నా బిడ్డ బక్కగ అయ్యింది. ఏం పెడ్తున్నవో అడుగు."

అడిగింది. అవతలనుంచి గరిటె తెర ముందుకు వచ్చింది.

"నువ్వు పంపినప్పుడే బక్కగుండె అంటుంది. ఏం పెంచినవ్ అంటుంది. కారం తప్ప ఏం తినకపోయేదాన్నట నేను."

"కారం తింటె తప్పా? వాళ్ళు మాత్రం తినరా, గోబికి పూసుకొని?"

"అది కారం కాదు, రుచి అంటుంది."

"ఆహా!"

ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పెళ్ళింట్లో వియ్యపువాళ్ళు వంటల దగ్గర తగువులాడుకున్నట్టుంది. అమ్మాయి ఎటు చెప్పాలో తెలియక చెప్పడం మానేసింది. కెఫెటేరియా అతను కౌంటరు మీద మోచేతులాన్చి చూస్తున్నాడు.

అప్పుడు కాక ఉన్నట్టుండి లేచాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. చొక్కా సర్దుకుని, చేతులు రెండూ పక్కలకు ఆనించి, ఫోను ముందు నడుము దాకా వంగాడు. వంగి అలాగే ఉన్నాడు. అవతల ఆమె కూడా గరిటె పక్కన పెట్టి లేచి నిలబడినట్టుంది. తెరలో ఎర్ర ఏప్రాన్ మాత్రమే మిగిలింది. ఆ ఏప్రాన్ మెల్లగా ముందుకు వంగి, తెర అంతా ఎరుపైంది.

కూర్చున్నాక కాక గొంతు సవరించుకున్నాడు. "మూడేండ్లేనా?"

"నాలుగు గూడ కావచ్చు బాపూ."

"సరే. పో. మీ అమ్మతోని నేను మాట్లాడుత."

ఫోనులోంచి ముసలామె ఇంకా ఏదో అడుగుతోంది. అమ్మాయి తల వంచుకుని కళ్ళు తుడుచుకుని చెప్పింది: "నువ్వు ఎప్పుడొస్తవ్ అంటుంది. జనవరిల రమ్మంటుంది. హోటల్ వెనుక గదిల నేల వేడిగ ఉంటదట, చలి తెల్వదట."

"వస్త అని జెప్పు," అన్నాడు కాక.

ఈ దేశంలో ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. ఫోను పెట్టేయడానికి ముందు అందరం అనే మాట అది, భార్యలతో, తల్లులతో, పండుగ పూట తమ్ముళ్ళతో. అన్న తర్వాత ఫోను జేబులో వేసుకుని పనికి వెళ్ళిపోతాం. నేను అలాగే విన్నాను.

సాయంత్రం ఆమెను హైదరాబాద్ విమానానికి దిగబెట్టి టాక్సీ ఎక్కాం. డ్రైవరు పెషావర్ మనిషి. బయట ఇంకా ఎండ తగ్గలేదు. రోడ్డు మీద వేడి నీళ్ళలా కదులుతోంది. కాక ముందు సీట్లో కూర్చున్నాడు. చాలా దూరం కిటికీ వైపే తిరిగి ఉన్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకుని నేను పలకరించలేదు.

"పంతులూ," అన్నాడు చివరికి. "బూసాన్ల జనవరి చలి ఎట్లుంటది?"

"సున్నా దాకా దిగుతది కాక. సముద్రం పక్కనే గద, గాలి గూడ ఉంటది."

ఆయన చేయి చాపి ఏసీ మీట తిప్పాడు. చల్లగాలి హోరుమంది.

"ఇంతుంటదా?"

"ఇది చలే కాదు కాక."

"భాయ్, ఔర్ ఠండా కరో," అన్నాడు డ్రైవరుతో.

"చాచా, యే లాస్ట్ హై. ఇస్సే జ్యాదా ఠండా చాహియే తో ఫ్రిజ్ మే బైఠో!" ఇంకా చల్లగా కావాలంటే ఫ్రిజ్‌లో కూర్చోమన్నాడు డ్రైవరు.

కాక కాలరు గుండీ పెట్టుకున్నాడు. అరచేతులు చంకల్లో దోపుకుని, భుజాలు ముడుచుకుని, బిగుసుకుని కూర్చున్నాడు. ఇంటర్నేషనల్ సిటీ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన పళ్ళు కొద్దిగా కొట్టుకోవడం వెనక సీట్లోంచి నాకు వినిపించింది.

"తగ్గియ్యమనాల్నా కాక?"

"ఒద్దు," అన్నాడు. "అలవాటు కానియ్యి."